మేళాలో మూత తీయకముందే పేటెంటు: అనంతపురం డ్రిప్ కంపెనీలకు

కొత్త డ్రిప్ కంట్రోలర్‌ను మేళాలో స్టాల్ మీద పెట్టి, మూత తీసి పది మంది రైతులకు చూపించి, ఆ వారమే రెండు బిల్లులు రాసి, ఆ తర్వాత తీరిగ్గా చెన్నై ఆఫీసులో పేటెంటు దరఖాస్తు వేస్తే, పేటెంటుకు కావాల్సిన కొత్తదనం అప్పటికే పోయినట్టు. పేటెంటు చట్టం సెక్షన్ 31 కింద 12 నెలల వెసులుబాటు ప్రభుత్వం గెజెట్‌లో ప్రకటించిన ప్రదర్శనలకే. ఊళ్లో జరిగే మామూలు మేళాకు అది వర్తించదు. పొలంలో పెట్టి చూడక తప్పని పరికరాలకు సెక్షన్ 32 కొంత ఆదుకుంటుంది. దరఖాస్తుకు ముందు ఏడాదిలోపు, కేవలం పరీక్ష కోసం బయట నడిపితే తప్పు పట్టరు. రైతు దగ్గర డబ్బు తీసుకున్నారా, దాన్ని పరీక్ష అని నమ్మించడం కష్టం. రేపు యూరప్‌లో పేటెంటు కావాలంటే ఈ వెసులుబాట్లను నమ్ముకోవద్దు.

అందుకే ముందు ప్రొవిజనల్ దరఖాస్తు (తేదీని ఖాయం చేసే తొలి దరఖాస్తు), తర్వాతే స్టాల్. ఫారం 1, ఫారం 2, వాటితో 'మాది చిన్న సంస్థ' అని చెప్పే ఫారం 28 జతచేసి ఆన్‌లైన్‌లో వేస్తే ఫీజు 1,600 రూపాయలు. ఫారం 28 మరిచిపోతే అదే ఫీజు 8,000. మధ్యతరహా కంపెనీలు చాలావరకు ఇక్కడే పొరబడతాయి. పేటెంటు రూల్స్‌లో 'చిన్న సంస్థ' అంటే ఎంఎస్ఎంఈ చట్టంలోని మధ్యతరహా పరిమితి దాకా వస్తుంది. ఆ పరిమితి 2025 ఏప్రిల్ 1 నుంచి యంత్రాల పెట్టుబడిలో 125 కోట్లు. మీ ఉద్యమ్ (ఎంఎస్ఎంఈ నమోదు) సర్టిఫికెట్‌లో 'మీడియం' అని ఉన్నా తగ్గింపు మీదే.

ప్రొవిజనల్ అంటే అరపేజీ ఐడియా కాదు. తర్వాత 12 నెలల్లోపు పూర్తి స్పెసిఫికేషన్ వేయాలి. ప్రొవిజనల్‌లో లేని విషయానికి పాత తేదీ దక్కదు. సర్క్యూట్ బొమ్మ, వాల్వ్ కొలతలు, స్ప్రింగ్ బదులు డయాఫ్రం పెడితే ఎలా ఉంటుందో ఆ మార్పులు, అన్నీ అందులోనే రాయండి. క్లెయిములు, అంటే మీ హక్కు ఎంతవరకో హద్దు గీసే వాక్యాలు, ఈ దశలో అక్కర్లేదు.

దేనికి వేయాలి, దేన్ని దాచాలి

బోరు నీళ్లలోని సున్నం డ్రిప్పర్లలో పేరుకుంటుంది కాబట్టి, ల్యాటరల్ (మొక్కల వరుస వెంట వెళ్లే సన్న పైపు) చివర దానంతటదే తెరుచుకునే ఫ్లష్ వాల్వ్ చేశారనుకుందాం. పోటీ కంపెనీ ఒకటి కొని, స్క్రూ తీసి చూస్తే వారంలో అర్థమైపోతుంది. దీనికి పేటెంటు వేయాలి. ప్లాస్టిక్‌లో ఏ మసాలా ఎంత కలిపారో, మోల్డ్ ఎంత వేడి దగ్గర నడుపుతారో విప్పి చూసినా తెలియదు. దాన్ని దాచుకోండి. దరఖాస్తు 18 నెలలకు బయటి ప్రపంచానికి తెరుచుకుంటుంది, మీ రహస్యాన్ని మీరే అచ్చు వేయించి పంచినట్టు అవుతుంది. పెట్టె ఆకారం మాత్రమే కొత్తదైతే డిజైన్ రిజిస్ట్రేషన్ చాలు. అది 10 ఏళ్లు, ఆపైన మరో 5 ఏళ్లు పొడిగించుకోవచ్చు.

వెతుకులాట ముందే చేయండి. పేటెంట్లు వెతికే వెబ్‌సైట్లు ఇన్‌పాస్, పేటెంట్‌స్కోప్, గూగుల్ పేటెంట్స్ మూడూ ఉచితం. 'డ్రిప్' అనే మాటతో వెతికితే కొండంత వస్తుంది. నీటి సరఫరా నియంత్రణకు పేటెంట్ల వర్గీకరణలో ఉన్న ఎ01జి 25/16 వర్గంలో వెతికితే గింజ, పొల్లు వేరవుతాయి. ఎవరిదో పాత పేటెంటు కనబడితే భయపడే ముందు స్థితి చూడండి. వార్షిక ఫీజు కట్టక రద్దైనవీ, మన దేశంలో అసలు వేయనివీ చాలా ఉంటాయి. వాటిని ఇక్కడ వాడుకోవచ్చు.

క్లెయిములు రాసేటప్పుడు

మొత్తం ఆట ఇక్కడే. 'చెనిక్కాయ పంటకు నీరు పెట్టే పద్ధతి' అని రాస్తే సెక్షన్ 3(హెచ్) కింద వ్యవసాయ పద్ధతి అని కొట్టేస్తారు. 'మోటారు కరెంటును లెక్కగట్టే ప్రోగ్రాం' అని రాస్తే, ఉత్త కంప్యూటర్ ప్రోగ్రాంకు పేటెంటు లేదనే 3(కె) అడ్డం. అదే విషయాన్ని పరికరంగా రాయండి: కరెంటు సెన్సర్ రీడింగ్ ఒక హద్దు కింద పడగానే రిలే స్టార్టర్‌ను ఆపుతుంది, దానివల్ల నీళ్లు లేకుండా నడిచే డ్రై రన్‌లో మోటారు కాలిపోదు. కొలత ఏది, కదిలేది ఏది, దక్కే ఫలితం ఏమిటో కనబడాలి.

ఇంకొకటి. పంపు, పైపు, వాల్వ్, నేల సెన్సర్ అన్నీ కలిపి ఒకే క్లెయిములో పెడితే, వాటన్నిటినీ ఒకచోట బిగించేది రైతు. అప్పుడు మీరు దావా వేయాల్సింది మీ కస్టమర్ మీద! పోటీదారు ఫ్యాక్టరీ గేటు దాటి వచ్చే వస్తువు ఏదో చూసి, దాన్ని మాత్రమే మొదటి క్లెయిములో పెట్టండి. 'ఇత్తడి నాజిల్' అనకండి, ప్లాస్టిక్‌తో చేసి తప్పించుకుంటారు. 10 క్లెయిములు, 30 పేజీల దాకా అదనపు ఫీజు లేదు. ఆపైన చిన్న సంస్థకు క్లెయిముకు 320, పేజీకి 160.

హక్కు ఎవరిదన్నదీ అప్పుడే తేల్చుకోవాలి. ఉద్యోగి కనిపెట్టింది దానంతటదే కంపెనీది అవుతుందని మన పేటెంటు చట్టంలో ఎక్కడా లేదు. నియామక పత్రంలో బదిలీ షరతు ఉండాలి, ఫారం 1లో కనిపెట్టినవారి సంతకం ఉండాలి. అనంతపురం జేఎన్‌టీయూ విద్యార్థి మీ దగ్గర ప్రాజెక్టు చేస్తే, మొదటి రోజే రాతపూర్వక ఒప్పందం. ప్రాజెక్టు రిపోర్టు లైబ్రరీకి చేరేది దరఖాస్తు తర్వాతే. పెనుకొండ వైపు కార్ల భాగాలు సరఫరా చేసేవాళ్లు కొనుగోలు ఆర్డరు వెనక పేజీ చదవండి. 'ఈ పనిలో పుట్టినదంతా కొనుగోలుదారుది' అనే వాక్యం అక్కడ దాక్కుని ఉండొచ్చు.

తేదీలు

దరఖాస్తును ఆఫీసు పరిశీలించాలని కోరే అభ్యర్థన, ఫారం 18, మొదటి దరఖాస్తు తేదీ నుంచి 31 నెలల్లోపు, చిన్న సంస్థకు ఫీజు 4,000. 2024 సవరణకు ముందు ఇది 48 నెలలు. పాత లెక్క తలలో పెట్టుకుని గడువు దాటిస్తే దరఖాస్తు వెనక్కి తీసుకున్నట్టే లెక్క. త్వరగా కావాలంటే ఫారం 18ఎ, చిన్న సంస్థకు 8,000. నకిలీ అప్పటికే మార్కెట్లో తిరుగుతుంటేనే ఈ తొందర పెట్టుకోండి. లేకపోతే నిదానమే మేలు, పోటీదారు ఏం చేస్తాడో చూసి, మొదట రాసినదాని హద్దుల్లోనే క్లెయిములు సరిచేసుకునే వీలుంటుంది. ఆఫీసు నుంచి అభ్యంతరాల నివేదిక వచ్చాక జవాబుకు 6 నెలలు, ఫారం 4తో మరో 3.

విదేశాల్లో వేయాలంటే ముందు ఇక్కడ వేసి ఆరు వారాలు ఆగండి, లేదా ఫారం 25తో అనుమతి తీసుకోండి. సెక్షన్ 39ను దాటవేస్తే ఇక్కడి దరఖాస్తే పోతుంది. పీసీటీ (ఒకే దరఖాస్తుతో చాలా దేశాలకు దారి తెరిచే అంతర్జాతీయ ఒప్పందం) అయితే మొదటి దరఖాస్తు తేదీ నుంచి 12 నెలలు. అమ్మే దేశం, నకిలీ తయారయ్యే దేశం, ఈ రెంటిని మించి వేయడం మా దృష్టిలో డబ్బు దండగ.

పేటెంటు వచ్చాక వార్షిక ఫీజు కట్టాలి, దాని లెక్క దరఖాస్తు తేదీ నుంచి మూడో ఏడాదితో మొదలవుతుంది. చిన్న సంస్థకు ఆరో ఏడాది దాకా ఏటా 800, ఏడు నుంచి పది దాకా 2,400, పదకొండు నుంచి 4,800, పదహారు నుంచి 8,000. ఏడో ఏడాది ఫీజు కట్టే ముందు సేల్స్ మేనేజర్‌ను పిలిచి ఆ వాల్వ్ ఇంకా అమ్ముడవుతోందా అని అడగండి. లేదంటే ఆ ఫీజు కొత్త ప్రొవిజనల్‌కు పెట్టండి.