ఒత్తుల దగ్గర ఆగిపోయే పిల్లలకు రోజూ పావుగంట

మూడో తరగతికొచ్చినా ‘ప’కీ ‘వ’కీ తేడా పట్టలేక, ‘అమ్మ’ను ‘అమ’ అని రాస్తుంటే మొద్దు అని ముద్ర వేయకండి. ముందు కళ్లు, చెవులు చూపించండి.

అవి బాగుంటే ఇంట్లో పావుగంట చాలు. పళ్లెంలో పలచగా ఇసుకో రాగిపిండో పరిచి, అక్షరాన్ని పైకి పలుకుతూ వేలితో 5 సార్లు రాయించండి. రోజుకు ఒక్కటే. ‘ప’, ‘వ’, ‘మ’ ఒకేసారి నేర్పితే మళ్లీ కలగాపులగమే. ఒకటి బాగా కుదిరాకే దాని జంటకు వెళ్లండి. ఒత్తు నేర్పే ముందు మాటను విడగొట్టి చప్పట్లు కొట్టించండి: అమ్-మ, రెండు. ‘మ్’ దగ్గర పలుకు కాస్త నిలవడం చెవికి తెలిస్తేనే చేతికి ఒత్తు వస్తుంది.

లెక్కలకు చెనక్కాయ విత్తనాలు పదేసి కుప్పలు పెట్టించండి. అనంతపురంలో వాటికి కొదవా? మధ్యలో నాలుగు తినేస్తే అదే తీసివేత.

బడిలో ముందు బెంచీ, బోర్డు మీది పాఠం దించుకోవడానికి అదనపు సమయం, కొన్ని ప్రశ్నలకు నోటి జవాబు అడగండి. ప్రతి తప్పుకూ ఎర్ర గీత పడితే పిల్లాడు రాయడమే మానేస్తాడు.

మూడు నెలలైనా మార్పు లేకపోతే మండలంలోని భవిత కేంద్రంలో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) అడగండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో చదవడం, రాయడం, లెక్కల్లో వచ్చే ఈ ఇబ్బందీ (అభ్యసన వైకల్యం) ఉంది. పరీక్షలో రాసిపెట్టే మనిషి, అదనపు సమయం కావాలంటే సర్టిఫికెట్ ఉండాలి. పదో తరగతి ఫీజు కట్టేటప్పుడు పరుగెత్తితే ఆలస్యమే.