కాకోడిలేట్ సీసా మూత తీసే ముందు

మొన్న మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన అబ్బాయి మిగిలిపోయిన కాకోడిలేట్ బఫర్‌ను (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం, ఇందులో ఆర్సెనిక్ ఉంటుంది) సింకులో పారబోస్తున్నాడు. చేతులకు గ్లవ్స్ కూడా లేవు. గబుక్కున చెయ్యి పట్టుకుని ఆపితే, "వాసనేం రావట్లేదు కదండీ" అన్నాడు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌కు శాంపిళ్లు తయారుచేసే పిల్లలందరికీ ఇది రాస్తున్నాను.

వాసన రాలేదు కాబట్టి ఫర్వాలేదనుకోవడం. నేను చూసిన తప్పుల్లోకెల్లా పెద్దది ఇదే.

అసలు కాకోడిలేట్ వచ్చిన రసాయనాల కుటుంబానికి పేరే కంపు వల్ల వచ్చింది. 18వ శతాబ్దంలో ఫ్రాన్సులో కాడే అనే ఆయన తెల్ల పాషాణాన్ని (ఆర్సెనిక్ ఆక్సైడ్) పొటాషియం ఎసిటేట్‌తో కలిపి వేడిచేస్తే పొగలు కక్కే ద్రవం దిగింది. ఒక ఆర్సెనిక్‌, రెండు మిథైళ్లు ఉన్న అందులోని గ్రూపుకు స్వీడన్ రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్ కాకోడిల్ అని పేరు పెట్టాడు. గ్రీకులో దుర్వాసన అని. జర్మనీలో బున్సెన్ అనే రసాయన శాస్త్రవేత్త ఏళ్ల తరబడి దీనితోనే కుస్తీ పట్టాడు. ఆ వాసనకు కాళ్లూచేతులూ తిమ్మిరెక్కుతాయనీ, తల తిరుగుతుందనీ, నాలుక మీద నల్లటి పూత పడుతుందనీ రాశాడు. కాకోడిల్ సయనైడ్ పేలి కుడికన్ను పోగొట్టుకున్నాడు. విషమెక్కి చావు దాకా వెళ్లొచ్చాడు.

మన సీసాలో ఉన్న సోడియం కాకోడిలేట్‌లోనూ అదే గ్రూపు ఉంది, కానీ ఇది తెల్లటి పొడి. నిప్పంటుకోదు, కంపు కొట్టదు. అందుకే మోసపోతాం. 0.1 మోలార్ బఫర్‌కు లీటరుకు 21.4 గ్రాముల ట్రైహైడ్రేట్ (నీటి అణువులతో కలిసిన పొడి) వేస్తాం. అందులో 7.5 గ్రాములు ఆర్సెనిక్కే. తాగే నీటిలో ఉండదగ్గది లీటరుకు 10 మైక్రోగ్రాములు. లెక్క వేయండి: సింకులో పోసిన ఒక్క లీటరు ఏడున్నర లక్షల లీటర్ల నీళ్లను ఆ హద్దు దాకా తెస్తుంది.

పొడి తూచేది హుడ్‌లోనే (గాలిని బయటికి లాగేసే ల్యాబ్ అర), లేకపోతే దుమ్ము ముక్కులోకి పోతుంది. పీహెచ్ దించేటప్పుడు పలచటి యాసిడ్, చుక్క చుక్కగా, అదీ హుడ్‌లోనే. గాఢమైన యాసిడ్ తగిలితే విషవాయువు పుట్టొచ్చు. శాంపిల్ చెడకుండా పట్టి ఉంచే గ్లూటరాల్డిహైడ్ కలిపాక దాని ఘాటు ఒక్కటే తెలుస్తుంది, ఆర్సెనిక్ తెలియదు. మళ్లీ చెబుతున్నా, ముక్కును నమ్మొద్దు. ఫాస్ఫేట్ బఫర్‌తో పని జరిగితే ఈ సీసా తియ్యనే వద్దు. వ్యర్థానికి వేరే డబ్బా. యాసిడ్ డబ్బాలో పోయొద్దు. సింకులో అసలే వద్దు. పొడి ఒలికితే ఊడ్చొద్దు, తడిగుడ్డతో ఎత్తండి, ఆ గుడ్డ కూడా అదే డబ్బాలోకి. గ్లవ్స్‌తో ఫోన్ ముట్టుకోవద్దు. తలుపు గడియ ముట్టుకోవద్దు. సీసా మీద "బఫర్" అని రాసి వదిలేయొద్దు, "ఆర్సెనిక్" అని రాయండి. ఒంటి మీద పడితే కడుక్కుంటూనే ఎవరినైనా కేకేయండి. ఆస్పత్రికి వెళ్తే కూడా "ఏదో బఫర్ పడింది" అనకండి. ఆర్సెనిక్ అని చెప్పండి, సీసా లేబుల్ ఫొటో చూపించండి.