పెరటి మొక్కలతో వేసవి కాక్‌టెయిల్స్ – 3వ పాఠం: ఆకు సిరప్, పువ్వు రంగు

పోయిన పాఠంలో పుదీనాను గ్లాసు అడుగున నలపడం చూశాం. డ్రింక్ చేదుగా వచ్చిందంటే ఆకును పచ్చడి చేసేశారన్నమాట. పుదీనా వాసన ఆకు పైపొర మీదే ఉంటుంది. నాలుగైదు సార్లు మెల్లగా నొక్కి వదిలేస్తే చాలు.

ఈసారి సిరప్. కప్పు పంచదార, కప్పు నీళ్లు. కరిగేదాకా వేడి చేయండి, పాకం రానివ్వొద్దు. రోజ్‌మేరీ, థైమ్ లాంటి పుల్లమొక్కలు వేడికి బెదరవు. రెండు రెమ్మలు అందులోనే వేసి దించేసి, మూతపెట్టి అరగంట ఉంచి వడకట్టండి. రోజ్‌మేరీని అలాగే మర్చిపోతే మాత్రం కషాయం తాగినట్టుంటుంది.

బేసిల్‌తో ఇలా కుదరదు. మెత్తటి ఆకు కదా, వేడి సిరప్‌లో వేస్తే నల్లబడుతుంది. మొదటిసారి నేను అలాగే వేశాను. సాయంత్రానికి సీసాలో చెరువు నీళ్లే! ఆకును నల్లబరిచేది అందులోని ఒక ఎంజైమ్. దాన్ని ముందే చంపేయాలి. మరిగే నీళ్లలో ఆకుల్ని 15 సెకన్లు ముంచి, వెంటనే ఐసు నీళ్లలో వేయండి. నీళ్లు పిండేసి, చల్లారిన సిరప్‌తో కలిపి మిక్సీలో తిప్పి వడకట్టండి. చిలకపచ్చ రంగులో వస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టి వారంలోగా వాడేయండి.

ఇక డ్రింక్: జిన్ 50 మి.లీ., నిమ్మరసం 25, బేసిల్ సిరప్ 20. ఐసు వేసి షేకర్ బయట మంచు పట్టేదాకా ఊపండి. మద్యం వద్దనుకుంటే జిన్, షేకర్ రెండూ మానేసి, గ్లాసులోనే సోడా పోసి కలుపుకోండి.

పూలలో నాకు ముచ్చటైనది నీలి శంఖుపుష్పం. రుచి పెద్దగా ఉండదు, ఉన్నదంతా రంగే. ఎనిమిది పూలను అర కప్పు వేడినీళ్లలో నానబెడితే ముదురు నీలం దిగుతుంది. చల్లార్చి, తయారైన డ్రింక్ మీద చెంచా వెనక నుంచి మెల్లగా జార్చండి. నిమ్మ పులుపు తగిలిన చోటల్లా నీలం కాస్తా ఊదా అవుతుంది. ఇందుకు బేసిల్ వద్దు, మామూలు సిరప్ వాడండి. పచ్చ, నీలం కలిస్తే మళ్లీ చెరువే.

గన్నేరు పువ్వు అలంకారానికి కూడా గ్లాసు దగ్గరికి రానివ్వొద్దు, విషం. కొన్న బొకేల్లోని పూలకు మందు కొట్టి ఉండొచ్చు, అవీ వద్దు. ఏ పువ్వో ఖాయంగా తెలియకపోతే కుండీలోనే ఉండనివ్వండి.

వచ్చే పాఠం ఐసు గడ్డల్లో పూలు. ఐస్ ట్రే ఖాళీ చేసి పెట్టుకోండి.