గొంతు మాయం, గుయ్యిమనే మోత, సబ్ పెట్టినా రాని బేస్: తప్పు ఎక్కడుందో పట్టుకోవడం

నల్గొండలో మా రికార్డింగ్ గది 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు. పైన స్లాబు, కింద షాబాదు బండలు. బతుకమ్మ పాటలో, పెళ్లి పాటలో ఇంట్లోనే రికార్డు చేసుకునే కుర్రాళ్లు మానిటర్లు (పాట కలపడానికి వాడే స్పీకర్లు), సబ్‌వూఫర్ (బేస్, అంటే కింది స్వరాల కోసం పెట్టే వేరే స్పీకరు, మా మాటలో సబ్) కొన్న వారంలోపే ఫోన్ చేస్తుంటారు. అందరిదీ ఒకటే మాట: స్పీకరు పోయింది. నేను వెళ్లి చూసినంతవరకు స్పీకరు పోయిన ఇళ్లు తక్కువ. తీగలోనో, గోడకున్న ప్లగ్గులోనో, గదిలోనో ఉంటుంది తప్పు.

ముందు తీగల దారి సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. ఇంటర్‌ఫేస్ (కంప్యూటర్‌కూ మైకు, స్పీకర్లకూ మధ్య ఉండే సౌండ్ పెట్టె) వెనకనున్న 1, 2 అవుట్‌పుట్‌ల నుంచి సబ్ ఎడమ, కుడి ఇన్‌పుట్‌లకు, సబ్ అవుట్‌పుట్‌ల నుంచి మానిటర్లకు వెళ్లాలి. సబ్ దగ్గరే శబ్దం రెండుగా విడిపోతుంది. దాదాపు 80 హెర్ట్జ్ కింది భాగాన్ని సబ్ ఉంచుకుని, పై భాగాన్ని మానిటర్లకు పంపుతుంది. ఇంటర్‌ఫేస్ నుంచి మానిటర్లకు ఒక జత, సబ్‌కు మరో జత తీగలు వేస్తే మానిటర్లు కూడా కింది స్వరాలు వాయిస్తాయి. అప్పుడు బేస్ బురదగా ఉంటుంది.

అసలు శబ్దమే లేదు

ఇంటర్‌ఫేస్ మీద దీపాలు ఎగురుతున్నాయా? ఎగరకపోతే కంప్యూటర్ సౌండ్ సెట్టింగుల్లో ఇంకా ల్యాప్‌టాప్ స్పీకర్లే ఎంపికై ఉంటాయి. ఎగురుతుంటే మానిటర్ నాబ్ చూడండి, ఆ తర్వాత స్పీకర్ల వెనక స్విచ్చి. ఒక్క పక్కే వస్తుంటే ఇంటర్‌ఫేస్ దగ్గర రెండు తీగలనూ అటూ ఇటూ మార్చండి. మౌనం రెండో పక్కకు మారిందంటే లోపం ఇంటర్‌ఫేస్‌లోనో, పాట సెట్టింగుల్లోనో ఉంది. మారకపోతే తీగ, సబ్, మానిటర్లలో ఒకటి.

పాట ఉంది, గొంతు లేదు

నిరుడు బతుకమ్మకు వారం ముందు దేవరకొండ వైపు నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు.

“అన్నా, చప్పట్లు వస్తున్నాయి, కోరస్ వస్తోంది. అమ్మ గొంతు మాత్రం బావిలోంచి వచ్చినట్టుంది. మైకు పోయిందా?”

“ఇయర్‌ఫోన్లలో విన్నావా?”

“అందులో బాగానే ఉందన్నా.”

“అయితే మైకు జోలికి పోకు. మానిటర్ తీగను ఇంటర్‌ఫేస్‌లో ఎక్కడ పెట్టావు?”

ముందువైపు, హెడ్‌ఫోన్ బొమ్మ ఉన్న రంధ్రంలో పెట్టాడు. అప్పటికి అతని దగ్గర ఉన్నది ఒక్క మానిటరే. తీగ సరిగ్గా పట్టింది, శబ్దమూ వచ్చింది, అందుకే అనుమానం రాలేదు.

తీగ చివరి జాక్‌ను చూస్తే రెండు నల్ల గీతలు, అవి విడదీసిన మూడు లోహపు భాగాలు కనిపిస్తాయి. హెడ్‌ఫోన్ రంధ్రంలో కొన భాగం ఎడమ శబ్దానిది, మధ్య భాగం కుడి శబ్దానిది. మానిటరుకు మాత్రం అది వేరే లెక్క. కొన మీద అసలు శబ్దం, మధ్య భాగం మీద దాని తలకిందుల నకలు వస్తున్నాయని నమ్మి, ఒకదానిలోంచి ఇంకొకదాన్ని తీసేస్తుంది. దారిలో తీగకు అంటుకున్న మోత రెండింటిలోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి ఆ తీసివేతలో పోతుంది. బ్యాలెన్స్‌డ్ తీగ గొప్పతనమంతా అదే. అయితే ఇక్కడ ఎడమలోంచి కుడి పోయింది. నట్టనడుమ ఉన్న గొంతు రెండింటిలోనూ ఒకేలా ఉంది కాబట్టి దాన్నీ మోతే అనుకుని తుడిచేసింది. పక్కలకు పరుచుకున్న చప్పట్లు, గొంతు తాలూకు ప్రతిధ్వని మిగిలాయి. బావి అన్నమాట అతను ఊరికే అనలేదు.

వెనక అవుట్‌పుట్‌కు మార్చగానే అమ్మ తిరిగొచ్చింది.

గుయ్యిమనే మోత

మన కరెంటు 50 హెర్ట్జ్. మోత ఆ స్వరంలోనో, దాని రెట్టింపు 100లోనో ఉంటుంది. చెవితో ఊహించడం కంటే ఒక్కో తీగా తీసి చూడడం మేలు. మానిటర్ వాల్యూమ్ బాగా తగ్గించి దాని శబ్దం తీగ పీకండి, మళ్లీ వాల్యూమ్ పెంచండి. మోత అలాగే ఉంటే మానిటరుదో, దాని కరెంటుదో. పోయిందంటే తీగ గుండా వస్తోంది.

తర్వాత ల్యాప్‌టాప్ చార్జర్ తీసేయండి. బ్యాటరీ మీద నిశ్శబ్దంగా ఉంటే దారి దొరికినట్టే. ల్యాప్‌టాప్ ఒక ప్లగ్గులో, సబ్ అవతలి గోడకున్న ప్లగ్గులో ఉంటే ఎర్త్ రెండు దారుల్లో తిరిగి ఒక వలయం కడుతుంది, ఆ వలయంలో కరెంటు మోత చేరుతుంది. అన్నింటినీ ఒకే మంచి ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టండి. గిటారుకు వాడే ఒకే గీత ఉన్న జాక్ తీగలుంటే తీసేసి, రెండు గీతలవి వేయండి. ఎక్కువ ఇళ్లలో ఇక్కడితో పోతుంది. అయినా మిగిలితే ఇంటర్‌ఫేస్‌కూ సబ్‌కూ మధ్య, తీగలు నేరుగా కలవకుండా శబ్దాన్ని మాత్రం దాటించే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి.

ప్లగ్గులో పెద్ద పిన్ను విరగ్గొడితే మోత పోతుందని సలహా ఇచ్చేవాళ్లుంటారు. మోత పోతుంది, నిజమే. లోపల తీగ ఊడి పెట్టెకు తగిలిన రోజున కరెంటు వెళ్లే దారి మీ చెయ్యి అవుతుంది. ఆ పని చేయకండి.

ఎర్తింగ్ గురించి ఒక మాట. మాది రాతి నేల. ఒక ఏప్రిల్‌లో మా గదిలో మోత మొదలైంది. ఇంటర్‌ఫేస్ లోహపు అంచు తాకితే వేలికి సన్నగా జిల్లుమనేది. తీగలన్నీ మార్చాను, ఇంకో ఇంటర్‌ఫేస్ అరువు తెచ్చి చూశాను. చివరికి వచ్చిన ఎలక్ట్రీషియన్ పరికరాల వైపు చూడనైనా లేదు, నేరుగా పెరట్లోకి వెళ్లి ఎర్త్ గుంత మూత తీశాడు. లోపల మట్టి నెర్రెలు విచ్చి ఉంది. బొగ్గు, ఉప్పు కొత్తగా వేయించి, నీళ్లు పోశాం. అప్పటి నుంచి ఎండాకాలంలో మొక్కలతో పాటు దానికీ నీళ్లు పోస్తున్నాను.

మోత గుయ్యిమనకుండా గరగరలాడుతుంటే ఫ్యాన్ రెగ్యులేటర్ తిప్పి చూడండి, ఇన్వర్టర్ మీద ఉన్నారేమో చూడండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద పాట కలపడం దండగ పని.

సబ్ పెట్టాక బేస్ తగ్గింది

చాలామంది నమ్మని లక్షణం ఇది. సబ్‌లో కదిలే కోన్ ముందుకు తోస్తున్నప్పుడు మానిటర్ కోన్ వెనక్కి లాగుతుంటే, రెండూ కలిసే చోట ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 80 హెర్ట్జ్ అల పొడవు సుమారు 4.3 మీటర్లు. సబ్ మీకు మానిటర్ల కంటే అందులో సగం దూరం ఎక్కువలో ఉన్నా చాలు, అల తిరగబడి చేరుతుంది.

80 హెర్ట్జ్ స్వరాన్ని ఆపకుండా వాయించండి. మీరు కుర్చీలోనే కూర్చుని, ఇంట్లో ఎవరినైనా సబ్ వెనక, అలను తలకిందులు చేసే ఫేజ్ స్విచ్చి 0కీ 180కీ మార్చమనండి. ఏ వైపు బిగ్గరగా వినిపిస్తే అదే ఉంచండి. మీరే లేచి వెళ్లి స్విచ్చి మార్చి అక్కడి నుంచి వినకండి. మీరు కదిలితే లెక్కా మారుతుంది.

ఒక్క స్వరానికే గది అదురుతోంది

ఇది పరికరాల తప్పు కాదు. 10 అడుగుల దూరంలో ఎదురెదురుగా ఉన్న గోడల మధ్య సుమారు 56 హెర్ట్జ్ స్వరం ఉబ్బుతుంది. మా గదిలో వెడల్పూ ఎత్తూ రెండూ 10 అడుగులే, కాబట్టి రెండు ఉబ్బులూ ఒకేచోట పడ్డాయి. 12 అడుగుల పొడవుది 47 దగ్గర. అదే స్వరం గోడ పక్కన ఉరుముతుంది, గది నడిమధ్యన దాదాపు ఉండదు. అందుకే కుర్చీని నట్టనడుమ వేయకండి. మా గదిలో ముందు గోడ నుంచి నాలుగున్నర అడుగుల దగ్గర కుదిరింది.

సబ్ చోటు వెతకడానికి చూసేవాళ్లకు నవ్వొచ్చే పద్ధతి ఒకటుంది, కానీ పనిచేస్తుంది. సబ్‌ను మీ కుర్చీలో కూర్చోబెట్టి, బేస్ స్వరాలు ఎక్కీ దిగే పాట పెట్టి, మీరు గోడల వెంట మోకాళ్ల మీద పాకుతూ వినండి. అన్ని స్వరాలూ సమానంగా వినిపించిన చోట సబ్ పెట్టండి. మూలలో పెడితే మోత ఎక్కువ, స్పష్టత తక్కువ. గుడ్డలు కుక్కిన బీరువా, పత్తి పరుపులు కొంత మింగుతాయి. పలచని ఫోమ్ ముక్కలు గోడకు అంటిస్తే బేస్‌కు ఏమీ కాదు, డబ్బే పోతుంది.

మిగిలిన చిన్నవి

పాట మొదలైన కాసేపటికి గానీ సబ్ మేలుకోకపోతే ఆటో స్టాండ్‌బై ఆపేయండి. సబ్‌ను 3వ అవుట్‌పుట్‌కు విడిగా కలిపి ఉంటే, నాబ్ తిప్పినప్పుడు మానిటర్లు తగ్గి సబ్ తగ్గకపోవచ్చు. చాలా ఇంటర్‌ఫేస్‌లలో నాబ్ 1, 2లకే పనిచేస్తుంది. సుయ్యిమనే శబ్దం ఎక్కువగా ఉంటే మానిటర్ వెనక గెయిన్ తగ్గించి, ఇంటర్‌ఫేస్ నాబ్ పెంచండి. వెలిగించేటప్పుడు టప్పుమంటే ఇంటర్‌ఫేస్ ముందు, సబ్, మానిటర్లు చివర. ఆపేటప్పుడు మానిటర్లు, సబ్ ముందు. బోరు మోటారు వేసిన ప్రతిసారీ టప్పుమంటే మోటారుకు వేరే లైను వేయించాలి, అది మీ ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడుకోవలసిన సంగతి.