గూగుల్‌లో అసలు గవర్నమెంట్ పీడీఎఫ్ పట్టుకోవడం ఎలా

గ్రూప్ 2 సిలబస్ అని గూగుల్‌లో కొడితే కోచింగ్ సెంటర్లు, యూట్యూబ్ వీడియోలు, ఇక్కడ క్లిక్ చేయండి అక్కడ క్లిక్ చేయండి అని తిప్పే సైట్లే ముందొస్తాయి, ఏపీపీఎస్సీ వాళ్లు పెట్టిన పీడీఎఫ్ మాత్రం ఎక్కడో కింద పడుంటుంది. ప్రిపేర్ అయ్యేవాళ్లు దయచేసి ఒరిజినలే చూడండి, అరనిమిషం పని.

ముందు మీకు కావాల్సిన మాటలు కొట్టండి. స్పేస్ ఇచ్చి ఇంగ్లీషు అక్షరాల్లో సైట్, కోలన్ (రెండు చుక్కల గుర్తు), పీఎస్సీ డాట్ ఏపీ డాట్ జీవోవీ డాట్ ఇన్. మళ్లీ స్పేస్ ఇచ్చి ఫైల్‌టైప్, కోలన్, పీడీఎఫ్. అంటే ఆ సైట్‌లో ఉన్న పీడీఎఫ్‌లే చూపించమని. కోలన్‌కి అటూ ఇటూ స్పేస్ ఉండకూడదు, ఫోన్ కీబోర్డు ఒక్కోసారి తనే పెట్టేస్తుంది, చూసి తీసేయండి, లేకపోతే దాన్ని మామూలు మాటలాగే వెతుకుతుంది. ఏ డిపార్ట్‌మెంటో తెలియకపోతే ఉత్త ఏపీ డాట్ జీవోవీ డాట్ ఇన్ ఇవ్వండి, తెలంగాణ అయితే తెలంగాణ డాట్ జీవోవీ డాట్ ఇన్, వాటి కిందున్న సైట్లన్నీ కవర్ అవుతాయి.

కోట్స్ దగ్గర మనవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. "రైతు బంధు" అని కోట్స్‌లో పెడితే అదే వరుసలో, అలాగే రాసిన పేజీలు కావాలని చెప్పినట్టు, కానీ తెలుగులో సగంమంది "రైతుబంధు" అని కలిపి రాస్తారు, "రైతుబంధుకు" అని ప్రత్యయం తగిలిస్తారు, అవన్నీ జారిపోవచ్చు. అందుకని రెండు రకాలూ విడివిడిగా కోట్స్‌లో పెట్టి మధ్యలో ఇంగ్లీషు ఆర్ పెట్టండి, రెండు అక్షరాలూ క్యాపిటల్‌లోనే ఉండాలి. ఆ స్కీము మొదలైన 2018 నాటి వార్తలే కావాలంటే చివర్లో బిఫోర్ కోలన్ 2019 తగిలించండి, తర్వాతి గోల చాలావరకు పోతుంది.

అడ్డొచ్చే మాట ముందు మైనస్ పెడితే అదున్న పేజీలు రావు, మైనస్‌కీ మాటకీ మధ్య స్పేస్ వద్దు.

ఇంకోటి, పాత తెలుగు పీడీఎఫ్‌లు చాలావరకు "అను" అనే పాతరకం ఫాంట్లలో టైప్ చేసినవో స్కాన్ చేసినవో ఉంటాయి, ఇప్పుడు మనం ఫోన్లో కొట్టే యూనికోడ్ తెలుగులో ఎంత వెతికినా దొరకడం కష్టం. అలాంటప్పుడు జీవో నంబరు, సంవత్సరం, డిపార్ట్‌మెంటు పేరు ఇంగ్లీషులో కొట్టి పైన చెప్పిన సైట్ కోలన్ ముక్క ఒక్కటే ఉంచండి. మిగతా వెతుకులాటల్లో ఏమీ రాకపోతే ముందు కోట్స్ తీసి చూడండి, తర్వాత ఫైల్‌టైప్ తీయండి, సైట్ మాత్రం ఆఖరున తీయండి.