మీడియం ఫార్మాట్ లెన్స్‌ను 4×5 కెమెరాకు బిగించడం ఎలా?

మీడియం ఫార్మాట్ అంటే 6×6, 6×7 సెంటీమీటర్ల బొమ్మలు తీసే రోల్ ఫిల్మ్ కెమెరాలు. 4×5 అంటే నాలుగుకి ఐదు అంగుళాల విడి షీట్ల ఫిల్ము వాడే పెద్ద కెమెరా. ఆటోనగర్‌లో లేత్ మీద లెన్స్ బోర్డుకి, అంటే లెన్స్‌ని కెమెరాకి పట్టి ఉంచే పలకకి, కన్నం వేయించుకుని, ఆదివారం తెల్లారకముందే కెమెరా, స్టాండు మోసుకుంటూ ఎర్రమట్టి దిబ్బలకి వెళ్లాను. ఇంటికొచ్చి షీట్లు కడిగి ప్రింటు వేస్తే, పళ్లెంలో పెట్టి వడ్డించినట్టు దిబ్బలన్నీ మధ్యలో గుండ్రంగా ఉన్నాయి. నాలుగు మూలలూ నలుపే. కన్నం వేసినవాళ్ల తప్పేం లేదు. లెన్స్ కొలతలన్నీ వెర్నియర్‌తో కొలిచిన నేను, అది ఎంత మేర బొమ్మ వేస్తుందో మాత్రం కొలవలేదు.

అందుకే మొదటి పని ఇదే. ఏ లెన్స్ అయినా ఫిల్ము మీద వేసేది గుండ్రటి బొమ్మే. దాన్నే ఇమేజ్ సర్కిల్ అంటారు. 6×6 ఫ్రేము అసలు కొలత 56 మిల్లీమీటర్ల చదరం, మూల నుంచి మూలకి 79. 6×7కి అదే కొలత దాదాపు 90. 4×5 షీటుకైతే 153 దాకా కావాలి. 6×6 కోసం చేసిన లెన్స్ దూరంలో ఉన్న కొండ మీద ఫోకస్ చేసినప్పుడు 153 ఇవ్వడం అరుదు. కొన్ని లెన్సులు చెప్పినదానికన్నా కాస్త ఎక్కువే ఇస్తాయి, ఆ కాస్తని ఇంట్లోనే కొలుచుకోవచ్చు.

పగటిపూట గది తలుపులు మూసి ఒక్క కిటికీ తెరవండి. బయట దూరంగా ఏదో ఒకటి కనిపించాలి. మా ఇంటి నుంచి డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపిస్తుంది, దాంతోనే పని కానిస్తాను. నల్ల అట్టకి కన్నం చేసి లెన్స్ దూర్చి, అట్టతో కిటికీ మూసి, వెనక తెల్లకాగితం పట్టుకుని ముందుకీ వెనక్కీ జరిపితే తలకిందులైన కొండ తేలుతుంది. వలయాన్ని స్కేలుతో కొలవండి. ఎపర్చర్‌ని, అంటే లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రాన్ని, ఎఫ్ 16కి తగ్గించి మళ్లీ కొలవండి. అంచుల నీడ తగ్గి వలయం కొంచెం పెరగొచ్చు. నమ్మాల్సింది ఈ రెండో కొలతనే.

వలయం చాలలేదని లెన్స్ పక్కన పడేయక్కర్లేదు. దగ్గరి వస్తువు మీద ఫోకస్ చేయాలంటే లెన్స్‌ని ఫిల్ముకి దూరం జరపాలి. దూరం పెరిగిన కొద్దీ వలయమూ పెరుగుతుంది. వస్తువు ఎంతుందో ఫిల్ము మీద బొమ్మా అంతే ఉండేలా, అంటే 1:1లో తీస్తే, వలయం రెట్టింపవుతుంది. 80 వచ్చే లెన్స్ 160 ఇస్తుంది, 4×5 నిండిపోతుంది. దిబ్బలకి పనికిరాని లెన్స్ ఏటికొప్పాక లక్కబొమ్మకి భేషుగ్గా సరిపోతుంది. దూరపు దృశ్యాలే కావాలంటే 6×7 లెన్స్ వాడి, వెనక గ్రౌండ్ గ్లాస్ (ఫోకస్ చూసుకునే గరుకు అద్దం) చోట 6×7 రోల్ ఫిల్మ్ బ్యాక్ తగిలించుకోండి. అయితే లెన్స్‌ని పైకీ పక్కకీ జరిపే వెసులుబాటు పెద్దగా మిగలదు. నా లెక్కలో ఈ తంటాలన్నీ పడాల్సింది దగ్గరి వస్తువుల కోసమే.

తర్వాత షట్టర్ సంగతి. కొనేముందు అడగాల్సిన అసలు ప్రశ్న ఇది. మామియా సి220, సి330 కెమెరాల లెన్సుల్లో షట్టర్ లోపలే ఉంటుంది, ప్రతి ఫొటోకి ముందు దాని స్ప్రింగు బిగించే మీట బయటే ఉంటుంది. ఇంత సుఖమైనవి నేనింకా చూడలేదు. హాసెల్‌బ్లాడ్ సి లెన్సుల్లోనూ, మామియా ఆర్‌బీ67 లెన్సుల్లోనూ షట్టర్ ఉంటుంది గానీ దాని స్ప్రింగు బిగించేది కెమెరా బాడీ. బోర్డు మీద ఉండగా ప్రతి షీటుకీ వెనక నుంచి బిగించుకోవడమంటే ఓపిక కావాలి. పెంటకాన్ సిక్స్ లెన్సుల్లో షట్టరే ఉండదు, పెంటాక్స్ 67లోనూ ఒకటి రెండు తప్ప అంతే. వీటికి లెన్స్ మూతే షట్టర్. అలాంటి లెన్స్‌లో ఎపర్చర్‌ని చేత్తో మూసే స్విచ్ ఉందో లేదో చూసుకోండి.

ఇప్పుడు బోర్డు. లిన్‌హాఫ్ తరహా బోర్డు 96×99 మిల్లీమీటర్లు. చాలా ఫీల్డ్ కెమెరాలకి అదే పడుతుంది. మామియా సి జంట లెన్సుల్లో (పైది చూడటానికి, కిందిది ఫొటో తీయడానికి) కింది దాని వెనక రింగు విప్పితే షట్టర్ పలక నుంచి ఊడి వస్తుంది. ఆ మరల బయటి వ్యాసం కొలిచి, అర మిల్లీమీటరు వదులుతో రెండు మిల్లీమీటర్ల అల్యూమినియం రేకుకి కన్నం వేయించండి. రేకు మందమైతే రింగు పట్టదు. కొలత కాగితం మీద రాసిస్తే చాలదు, లెన్సే లేత్ దగ్గరికి తీసుకెళ్లి అక్కడే పెట్టి చూసుకోండి. బయొనెట్ లెన్స్ (కాస్త తిప్పితే లాక్ అయ్యే రకం) అయితే, కెమెరాకీ లెన్స్‌కీ మధ్య పెట్టే ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ ముందు భాగాన్ని బోర్డుకి మరలతో బిగించాలి. లెన్స్ వెనక మూతకి అడుగు కోసి అతికించే పద్ధతీ ఉంది, అది తేలిక లెన్సులకే. కిలో బరువున్న లెన్స్ కింద ఏదో ఒక ఆసరా లేకపోతే కెమెరా ముందు ఫ్రేము తల వాల్చేస్తుంది.

రోల్ ఫిల్మ్‌తో దూరానికి తీసేవాళ్లు ఒకటి చూసుకోవాలి. హాసెల్‌బ్లాడ్‌లో లెన్స్ కూర్చునే చోటు నుంచి ఫిల్ముకి దూరం 74.9 మిల్లీమీటర్లు, పెంటకాన్ సిక్స్‌లో 74.1, పెంటాక్స్ 67లో సుమారు 85. బెలోస్, అంటే లెన్స్‌కీ ఫిల్ముకీ మధ్య ఉండే మడతల తిత్తి, అంత దగ్గరికి ముడుచుకోకపోతే కొండ మీద ఫోకస్ కుదరదు. లోపలికి గుంట ఉన్న బోర్డు కావాల్సి వస్తుంది.

బిగించాక చీకటి గదిలో బెలోస్ లోపల మొబైల్ టార్చి పెట్టి చుట్టూ చూడండి. వెలుగు చుక్క కనిపించిన చోట నల్ల టేపు.

ఇక ఎక్స్‌పోజర్. బెలోస్ చాచిన కొద్దీ వెలుగు పలచబడుతుంది. లెన్స్ నుంచి ఫిల్ముకి ఉన్న దూరాన్ని ఫోకల్ లెంగ్త్‌తో (లెన్స్ మీద మిల్లీమీటర్లలో రాసి ఉండే అంకె) భాగించి, వచ్చినదాన్ని దాంతోనే గుణించండి. ఫోకల్ లెంగ్త్ 80, దూరం 160 అంటే రెండు రెళ్లు నాలుగు, టైము నాలుగింతలు. ఫిల్ముకి బదులు ఫోటో పేపర్ వాడితే ఐఎస్ఓ (వెలుగుకి స్పందించే వేగం) 6తో మొదలుపెట్టొచ్చు. ఎండలో ఎఫ్ 16కి సెకనులో ఆరో వంతు, ఎఫ్ 22కి మూడో వంతు. ఎఫ్ 22తోనే వరండా నీడకి ఎనిమిదింతలు వేస్తే దాదాపు 2.7 సెకన్లు, దానికి బెలోస్ నాలుగింతలు కలిపితే 11 సెకన్లు. అంతసేపుంటే మూత తీసి పెట్టడానికి కంగారేమీ అక్కర్లేదు.

ఫోకస్‌కి మాత్రం ముందు లెన్స్ జరపకండి. 1:1 దగ్గర లెన్స్ జరిపితే బొమ్మ సైజు మారుతుందే తప్ప ఫోకస్ త్వరగా దొరకదు. వెనక గ్రౌండ్ గ్లాసే జరపండి. మొదటి షీటులో లక్కబొమ్మ పక్కన ఒక స్కేలు కూడా పెట్టి తీస్తే 1:1 వచ్చిందో లేదో, మూలలు ఎంత మిగిలాయో రెండూ తెలిసిపోతాయి.

పనయ్యాక లెన్స్‌ని బోర్డుతో సహా విప్పి, సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలో పెట్టండి. వైజాగ్ గాలికి వానాకాలంలో కెమెరా మీదే వదిలేసిన లెన్స్‌కి బూజు పట్టడానికి ఎన్నో రోజులు పట్టదు.