మిక్స్ బస్ కంప్రెసర్ మొరాయిస్తే: నాబ్ తిప్పే ముందు చూసుకోవాల్సినవి

పాట మొత్తాన్ని ఒకేసారి కొద్దిగా అదిమి, విడివిడిగా రికార్డయిన గొంతు, డప్పు, కీబోర్డు ఒకేచోట పాడినట్టు వినిపించేలా చేయడమే మిక్స్ బస్ (అన్ని ట్రాకులూ కలిసే చోటు) కంప్రెసర్ పని. ఇక్కడ చెప్పేది ప్లగిన్ (కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్) గురించి కాదు, బయట కలిపే పెట్టె గురించి. ఒకటి నుంచి మూడు డెసిబెల్స్ అదిమితే చాలు. "డబ్బులు పోసి కొన్నాను, సౌండ్ పాడైంది" అనేవాళ్ల గదికి వెళ్లి చూస్తే చాలాసార్లు పెట్టె బాగానే ఉంటుంది, తేడా లెవెల్లోనో వైరింగ్‌లోనో ఉంటుంది.

పెట్టె వచ్చింది, కలపడానికి చోటు లేదు

కొనేముందు ఇంటర్‌ఫేస్‌ను (కంప్యూటర్‌లోకి శబ్దాన్ని తీసుకెళ్లి, బయటికి తెచ్చే పెట్టె) వెనక్కి తిప్పి చూడకపోవడమే కారణం. స్పీకర్లకు రెండు అవుట్‌పుట్‌లు, కంప్రెసర్‌కు పంపడానికి ఇంకో రెండు, అంటే కనీసం నాలుగు లైన్ అవుట్‌పుట్‌లు కావాలి. తిరిగి తెచ్చుకోవడానికి రెండు లైన్ ఇన్‌పుట్‌లు కూడా ఖాళీగా ఉండాలి. ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 లాంటి దానికి ఉన్నవి రెండే అవుట్‌పుట్‌లు. 4ఐ4, మోటు ఎం4 తరగతివైతే సరిపోతాయి. రెండే ఉంటే ముందు ఇంటర్‌ఫేస్ మార్చండి, లేదా ప్లగిన్‌తోనే సాగించండి. ప్లగిన్‌తో చేసిన మిక్స్ తక్కువదేమీ కాదు.

పెట్టె ఎంచుకునేటప్పుడు పేరుకన్నా ముందు చూడాల్సినవి: రెండు ఛానెళ్లనూ కలిపి నడిపే స్టీరియో లింక్, 2:1 రేషియో (గీత దాటిన రెండు డెసిబెల్స్‌ను ఒకటిగా అదమడం), 10 లేదా 30 మిల్లీసెకన్ల నెమ్మది అటాక్ (అదమడానికి పట్టే సమయం), ఆటో రిలీజ్ (వదలడానికి పట్టే సమయం దానంతటదే సర్దుకోవడం), సైడ్‌చెయిన్‌లో (ఎంత అదమాలో తేల్చుకోడానికి కంప్రెసర్ వినే దారి) లావు శబ్దాన్ని ఆపే హై పాస్ ఫిల్టర్. చాలా కంపెనీలు నకలు చేసే ఎస్‌ఎస్‌ఎల్ 4000 కన్సోల్ కంప్రెసర్‌లో రేషియోలు మూడే: 2, 4, 10. అటాక్ 0.1 నుంచి 30 మిల్లీసెకన్ల దాకా మెట్లుగా ఉంటుంది. మెట్ల నాబ్‌లుంటే నెల తర్వాత అదే పాట మళ్లీ తెరిచినా పాత సెట్టింగ్ దొరుకుతుంది. విదేశం నుంచి తెప్పిస్తే వెనకున్న వోల్టేజ్ స్విచ్ 230లో ఉందో లేదో చూశాకే ప్లగ్ పెట్టండి.

మీటర్ ముల్లు కదలదు, లేదా కదిలి అక్కడే అతుక్కుపోతుంది

ఇది లెవెల్ గొడవ. ప్రొఫెషనల్ పరికరాల ప్రమాణం +4 డిబియు, అంటే సుమారు 1.23 వోల్టులు. ఇంటి పరికరాలది -10 డిబివి, అంటే సుమారు 0.32 వోల్టులు. తేడా దాదాపు 12 డెసిబెల్స్. ఒకటి ఒకలా, ఇంకోటి ఇంకోలా ఉంటే త్రెషోల్డ్‌ను (అదమడం మొదలయ్యే గీత) ఎటు తిప్పినా లాభం లేదు. ఇంటర్‌ఫేస్ సాఫ్ట్‌వేర్‌లో, కంప్రెసర్ వెనక ఆ స్విచ్‌లుంటే రెంటినీ +4కి పెట్టండి. మిక్స్ సగటు -18 డిబిఎఫ్‌ఎస్ (డిజిటల్ లెవెల్, దానికి 0 ఆఖరి గీత) దగ్గర ఉండేలా పంపండి. మాస్టర్ ఎర్రగీత తాకుతుంటే ఈ పెట్టె ఏమీ చేయలేదు.

ఒక పక్క తక్కువగా వినిపిస్తోంది, లేదా గొంతు పక్కకు జారుతోంది

రెండూ ఒకేలా అనిపిస్తాయి, కారణాలు వేరు. ఎప్పుడూ ఒకే పక్క తక్కువైతే కేబుల్ చూడండి. ఒకవైపు బ్యాలెన్స్‌డ్ (లోపల రెండు సిగ్నల్ తీగలు, ఒక ఎర్త్ ఉండేది), ఇంకోవైపు మామూలు గిటార్ కేబుల్ వాడితే కొన్ని అవుట్‌పుట్‌లలో 6 డెసిబెల్స్ పడిపోతుంది. 1 కిలోహెర్ట్జ్ టోన్‌ను రెండు వైపులా సమానంగా పంపి, కేబుళ్లు అటూ ఇటూ మార్చండి. తేడా కేబుల్‌తో పాటు జరిగితే దోషం దానిదే. ఎడమవైపున్న డప్పు మోగినప్పుడే మధ్యలోని గొంతు కుడికి జారితే లింక్ ఆన్ చేయలేదన్నమాట.

హమ్, బర్ర్ మనే శబ్దం

మన విశాఖలో ఎక్కువగా వినిపించే గోల ఇదే. ముందు ఏ రకమో చెవితో పట్టుకోండి. లావుగా, ఏకధాటిగా మోగే 50 హెర్ట్జ్ హమ్ సాధారణంగా ఎర్త్ లూప్ (పరికరాలు ఒకటికి మించిన దారుల్లో ఎర్త్‌కు కలవడం). సన్నగా గీసినట్టుండే బజ్ ఫ్యాన్ ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్‌ది, లైట్ డిమ్మర్‌ది, లేదా కరెంటు పోయి స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీదకు వెళ్లినప్పటిది. ఫ్యాన్ ఆపండి. ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి బ్యాటరీ మీద వినండి. శబ్దం పోయిందా, దొంగ దొరికినట్టే.

పోకపోతే కంప్రెసర్, ఇంటర్‌ఫేస్, స్పీకర్లు అన్నింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టండి, అన్ని కేబుళ్లూ బ్యాలెన్స్‌డ్‌గా మార్చండి. పెదవాల్తేరు వైపు పాత ఇళ్లలోనైనా, మధురవాడ కొత్త ఫ్లాట్‌లోనైనా సాకెట్‌కు మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన దానికి ఎర్త్ ఉన్నట్టు కాదు. ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. చివరికి ఆడియో లైన్‌లో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టొచ్చు. హమ్ పోతుంది కదా అని ప్లగ్ ఎర్త్ పిన్ను విరిచే వాళ్లున్నారు. ఆ పని మాత్రం వద్దు, షాక్ కొడితే ప్రాణం మీదకొస్తుంది.

డప్పు పడగానే మిగతాదంతా కుంగిపోతోంది

తప్పెటగుళ్ల పాట మిక్స్ చేసేవాళ్లకు ఇది బాగా తెలుసు. లావు దెబ్బ పడిన ప్రతిసారీ గజ్జెల చప్పుడు మాయమై, మళ్లీ పైకి లేస్తుంది. కంప్రెసర్ కింది శబ్దాన్ని విని మొత్తాన్నీ అదుముతోంది. సైడ్‌చెయిన్ ఫిల్టర్‌ను 100 హెర్ట్జ్ దగ్గర పెడితే చాలావరకు సర్దుకుంటుంది. ఇంకా ఉంటే రిలీజ్ తగ్గించండి: నిమిషానికి 100 దెబ్బల పాటలో ఒక్కో దెబ్బకూ 600 మిల్లీసెకన్లు, కాబట్టి 0.3 సెకన్ల రిలీజ్ అయితే తర్వాతి దెబ్బ పడేలోపు ముల్లు తిరిగి వచ్చేస్తుంది. ఇక దెబ్బలోని పదునే పోయిందంటే అటాక్ మరీ వేగంగా ఉంది. 30కి తీసుకెళ్లి, వెనక్కి తెచ్చుకోండి.

"పెట్టె ఆన్ చేస్తే బాగుంది" అనిపించడాన్ని కూడా నమ్మొద్దు. మేకప్ గెయిన్ (అదిమాక తగ్గిన శబ్దాన్ని తిరిగి పెంచేది) వల్ల గట్టిగా వినిపించేదే బాగున్నట్టు అనిపిస్తుంది. బైపాస్‌లో (కంప్రెసర్‌ను తప్పించినప్పుడు), ఆన్‌లో సమాన గట్టిదనానికి తెచ్చి పోల్చండి.

కూత, డొల్లతనం, కంప్రెషన్ లేని ఎక్స్‌పోర్ట్

కూత వస్తే తిరిగి వచ్చిన శబ్దం మళ్లీ కంప్రెసర్‌కే వెళ్తోంది. ఆ ఇన్‌పుట్ మీద డైరెక్ట్ మానిటరింగ్ (ఇన్‌పుట్ శబ్దం నేరుగా స్పీకర్లకు వెళ్లడం) ఆపి, మామూలు ట్రాక్ బదులు రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉండే ఇన్‌సర్ట్ ప్లగిన్ (రీపర్‌లో రియాఇన్‌సర్ట్, లాజిక్‌లో ఐ/ఓ లాంటిది) వాడండి. డబ్బాలోంచి మాట్లాడినట్టు డొల్లగా ఉంటే అసలు శబ్దం, ఆలస్యంగా తిరిగొచ్చినది కలిసిపోతున్నాయి. ప్లగిన్‌లోని పింగ్ బటన్ నొక్కి ఆలస్యాన్ని కొలిపించండి, బఫర్ సైజు (కంప్యూటర్ ఒక్కసారి తీసుకునే శబ్దం ముక్క) మార్చినప్పుడల్లా మళ్లీ నొక్కండి. ఎక్స్‌పోర్ట్‌లో కంప్రెషనే లేకపోతే వేగంగా రెండర్ చేశారన్నమాట. శబ్దం నిజంగా వైర్లలోంచి వెళ్లి రావాలి కనుక రియల్ టైమ్‌లోనే (పాట నిడివి అంతసేపూ వాయిస్తూ) రెండర్ చేయాలి.

నాబ్ తిప్పితే కరకర

బీచ్ రోడ్, లాసన్స్ బే వైపు ఇళ్లలో ఉప్పు గాలికి జాక్‌లు, స్విచ్‌లు త్వరగా మసకబారతాయి. ప్లగ్‌లను నాలుగైదు సార్లు పెట్టి తీస్తేనే కొన్ని బాగుపడతాయి. లేదంటే పవర్ తీసి, వారంటీ పోయాకే, ఎలక్ట్రానిక్స్‌కు వాడే కాంటాక్ట్ క్లీనర్ కొట్టండి. నూనె ఉండే తుప్పు స్ప్రేలు వద్దు. వాడనప్పుడు రాక్‌కు గుడ్డ కప్పి, లోపల సిలికా జెల్ పొట్లాలు పెట్టి, వాన నెలల్లో వాటిని మారుస్తుండండి.